నలభై రెండో రోజు

కార్తీకం వచ్చిందంటే ఆ గోదావరి జిల్లా పట్నంలో మానసిక వైద్యుడి ఓపీ ముందు నల్లబట్టలు కనిపిస్తాయి. మెడలో మాల, నుదుట విభూతి, ఆగకుండా వణికే చేతులు. మాల వేసుకుని మూడు రోజులై ఉంటుంది. రాత్రంతా కన్ను మూయడు, గోడ మీద లేని పురుగుల్ని ఏరుతుంటాడు. నిష్ఠ తప్పాడు, స్వామికి కోపమొచ్చిందని ఇంట్లోవాళ్లు హడలిపోతారు.

అది స్వామి కోపం కాదు. ఏళ్ల తరబడి రోజూ తాగిన మందు మాల కోసం ఒక్కసారిగా ఆపితే శరీరం తిరగబడుతుంది. ఆరేడు గంటలకే వణుకు మొదలవుతుంది, రెండు రోజుల్లోపు ఫిట్లు రావచ్చు, మూడో రోజు ప్రాంతంలో మతి తప్పవచ్చు. ప్రాణం పోయే ప్రమాదమూ ఉంది. ఊళ్లోనేమో ముందుగా గ్లూకోజు సీసా ఎక్కిస్తారు. బి1 విటమిన్ ఇంజెక్షను ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే మెదడు దెబ్బతినవచ్చు.

"మాల తీయక్కర్లేదు స్వామీ, వారం రోజులు ఇక్కడే ఉండండి" అంటాడు డాక్టరు. ఆ వారం చికిత్స ఆయనకు చేతిలో పని. కష్టమంతా ఆ తర్వాతే అని ఆయనకు నేర్పినవాడు ఒక రైసుమిల్లు హమాలీ.

ఆ హమాలీ ఐదేళ్లు వరసగా మాల వేశాడు. ఐదుసార్లూ శబరిమల నుంచి వచ్చి మాల తీసిన వారంలోపే బెల్టు షాపు దగ్గర తేలాడు. "ఆ నలభై రోజులే నాకు సంసారం డాక్టరు గారూ" అంది భార్య. అప్పటిదాకా ఆయన ప్రతి రోగినీ ఎందుకు తాగుతున్నావనే అడిగేవాడు. ఆ రోజు ప్రశ్న మార్చాడు: ఆ నలభై ఒక్క రోజులూ ఎలా ఉండగలిగావు?

జవాబు గంటసేపు సాగింది. తెల్లారుజామున చన్నీళ్ల స్నానం. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా, అంటే సరిగ్గా తాగే వేళకి, భజన. అందులో డోలక్ అతనిదే. దారి చూపే గురుస్వామి. నల్లబట్టలు చూసి ఎవరూ గ్లాసు చేతికివ్వరు, చిన్నాపెద్దా స్వామీ అని పిలుస్తారు. మాల తీసిన మర్నాడు ఇవన్నీ ఒక్కసారే పోతాయి. "రా బావా" అనే పాత పిలుపు మాత్రం తిరిగొస్తుంది.

అందుకని డాక్టరు నలభై రెండో రోజుకి ఒక నోటుబుక్కు తెరిచాడు. శనివారం బట్వాడా డబ్బు భార్య చేతికే ఇవ్వాలి. మిల్లు గుమాస్తా ఒప్పుకున్నాడు. ఇంటికి బజారు మీదుగా రాకుండా కాలవగట్టు మీదుగా రావాలి. భజన లేని సాయంత్రాల్లో డోలక్ నేర్చుకోవడానికి ఇద్దరు కుర్రాళ్లు వస్తారు. వారానికోసారి పక్క పట్నంలో ఆల్కహాలిక్స్ అనానిమస్ సమావేశానికి వెళ్లాలి. 1935లో అమెరికాలోని ఆక్రన్‌లో బిల్ విల్సన్, డాక్టర్ బాబ్ అనే ఇద్దరు తాగుడు బాధితులు ఒకరికొకరు తోడై మొదలుపెట్టిన సంఘం అది. అక్కడ తాగుడు మానిన పాత సభ్యుడొకరు కొత్తవాడికి అండగా ఉంటారు. హమాలీకి ఆ సంగతి విడమరచి చెప్పాల్సిన పని పడలేదు, గురుస్వామి అంటే ఏమిటో అతనికి తెలుసు.

మాత్ర సంగతి వేరు. డైసల్ఫిరామ్ వేసుకుని తాగితే మొహం ఎర్రబడి, గుండె దడదడలాడి, బీపీ పడిపోతుంది. తెలియకుండా కూరలో కలిపిపెడదామని అడిగే భార్యలు, తల్లులు ప్రతి నెలా వస్తారు. డాక్టరు ససేమిరా ఒప్పుకోడు. వాళ్ల నిస్సహాయత ఆయనకు అర్థం కాక కాదు. తెలియక తాగితే చచ్చిపోవచ్చు. హమాలీ అన్నీ విని, ఒప్పుకుని, లివరు పరీక్ష అయ్యాక రోజూ కాఫీతో పాటు భార్య ఎదుటే మింగేవాడు.

ఎయిమ్స్ 2019లో వెలువరించిన జాతీయ సర్వే ప్రకారం మద్యానికి బానిసలైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోంది. ఆ ఒక్కరినీ మందుల చీటీతో ఇంటికి పంపేస్తే ఎలా అని డాక్టరు బాధపడతాడు.

నోటుబుక్కు చివరి పేజీలో ఒక మాట ముందే రాసి ఉంది: తాగితే మర్నాడు పొద్దున్నే రావాలి, వారం ఆగకూడదు. ఏడో నెలలో బావమరిది పెళ్లి వచ్చింది. వారం ముందే మాత్రలు అయిపోయాయి, పెళ్లి పనుల్లో ఎవరూ తేలేదు. ఆ రాత్రి తాగాడు. మర్నాడు ఓపీ తెరవకముందే భార్యతో వచ్చి మెట్ల మీద తల దించుకుని కూర్చున్నాడు. డాక్టరు తిట్టలేదు. లోపలికి పిలిచి, నోటుబుక్కు తీసి, వచ్చే నెల మేనకోడలి ఓణీల ఫంక్షన్ ఏ రోజో అడిగి రాసుకున్నాడు. దాని కింద ఇంకో రెండు ముక్కలు: మాత్రలు పదిరోజుల ముందే తెచ్చుకోవాలి, చీకటి పడకముందే భోంచేసి బయల్దేరాలి.