మేనమామ కోట

మా క్లాసులో చాలామందికి పేర్లుండవు, ఊర్లే ఉంటాయి. మదనపల్లె అమ్మాయి ‘మదనపల్లె’. కుప్పం అబ్బాయి ‘కుప్పం’. నేను ‘పుంగనూరు’. ఎక్కువ ప్రేమ పుట్టుకొస్తే ‘పుంగనూరు ఆవు’. మా ఊరి ఆవు మూడడుగులకు అటూ ఇటూ ఉంటుంది. నేను అంతకంటే కొంచెం ఎక్కువ. ఈ విషయంలో నాకేం బాధ లేదు, ముందే చెప్తున్నా.

సెకండ్ ఇంటర్నల్స్ అయిపోయిన ఆదివారం ఆరుగురం గుర్రంకొండకు వెళ్ళాం. ఐడియా కుప్పంది. వాడికి రీల్ కావాలి. మదనపల్లెకి ఎండలో నడవడం ఇష్టం లేదు కానీ మమ్మల్ని వదిలి హాస్టల్లో ఉండడం ఇంకా ఇష్టం లేదు. నేనెందుకు వెళ్ళానంటే, ఇన్నేళ్ళుగా కడప బస్సు కిటికీలోంచి ఆ కొండను చూడటమే తప్ప ఒక్కసారీ ఎక్కలేదు.

మదనపల్లె బస్టాండులో కడప బస్సెక్కాం. అంగళ్ళు దాటాక అందరూ నిద్రపోయారు. నేను ఫోన్లో గుర్రంకొండ గురించి ఒక ఇంగ్లిష్ పేజీ తెరిచి చదివాను. నాకు తెలుగు చదవడం వచ్చు కానీ స్పీడ్ రాదు. ఒకటి నుంచి పది వరకు ఇంగ్లిష్ మీడియం. తెలుగు పీరియడ్ అంటే మాథ్స్ హోంవర్క్ చేసుకునే పీరియడ్. కాబట్టి కోట గురించి కూడా ఇంగ్లిష్‌లోనే చదివి, రెడీగా దిగాను.

బస్సు దిగిన చోట టీ కొట్టాయన్ని “పైకి దారి చూపించేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?” అని అడిగాం. ఆయన కేకేస్తే ఒక పెద్దాయన వచ్చాడు. అరవై దాటి ఉంటాయి. భుజాన తువ్వాలు, చేతిలో కర్ర. చిన్నప్పటి నుంచి ఆ కొండ మీద మేకలు మేపుతున్నాడట. “ఎంతిస్తారో మీ ఇష్టం” అన్నాడు. కుప్పం బేరం మొదలుపెట్టి ఐదొందలకు తెగ్గొట్టాడు. బేరమాడటానికి అక్కడ అవతలి పక్క ఎవరూ లేరని మాకెవరికీ తట్టలేదు.

“నీళ్ళు బాగా పెట్టుకోండి. నా ఎనకాలే రండి. ఫోటోలు నిలబడి తీసుకోండి, నడస్తా తీసుకోవద్దు.” ఇవే ఆయన రూల్స్.

ముందు కొండ కింద రంగిన్ మహల్ చూశాం. తర్వాత ఎక్కడం మొదలైంది. ఒక చోట ఆగి కర్రతో చూపించాడు. కోట గోడ కొంత దూరం వచ్చి నిట్టనిలువు రాయి దగ్గర ఆగిపోయింది. “గోడ ఎందుకు ఆపేశారు?” అని మదనపల్లె అడిగింది.

“రాయి ఉండే కాడ గోడ యాల పాపా? అది దేవుడు కట్టింది. సందు ఉండే కాడ మనిషి కట్టినాడు.”

మేమిద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. ఫైర్‌వాల్ అంటే ఏంటో మాకు రెండు క్లాసుల్లో ఎక్కనిది ఈయన రెండు ముక్కల్లో చెప్పేశాడు. ఎటువైపు దారి తెరిచి ఉంటే అటే కాపలా.

కొంచెం పైకి వెళ్ళాక నీడలో కూర్చోబెట్టి గుర్రం కథ మొదలుపెట్టాడు. ఈ కొండకు ఒక గుర్రం కాపలా ఉండేదట. అది పైన ఉన్నంత కాలం ఈ కోటను ఎవరూ గెలవలేరని నమ్మకం. ఎంత సైన్యమొచ్చినా తిరిగి పోవాల్సిందే. అప్పుడు మరాఠా వాడొకడు రాత్రిపూట నిలువు రాయికి ఇనప మేకులు కొట్టుకుంటూ, ఒక మేకు మీద నిలబడి ఇంకో మేకు కొట్టుకుంటూ పైకొచ్చాడట. చెప్తున్నంతసేపూ ఆయన చెయ్యి గాల్లో మేకులు కొడుతూనే ఉంది. కుప్పం ఫోన్ తియ్యడం కూడా మర్చిపోయాడు.

“టిప్పు సుల్తాను కట్టిచ్చిన కోట ఇది, మామూలు కోట కాదు. అట్లాంటి దాన్లోకి ఒక్కడు దూరినాడు. గుర్రం కాడికి పొయ్యి...”

“అంకుల్, అది రాంగ్” అన్నాను.

నేనే అన్నాను. ఎవరూ అడగలేదు.

“టిప్పు పుట్టింది 1750లో. కోట అంతకుముందే ఉంది. కడప నవాబుల టైంలో కూడా ఉంది. ఇదిగో, ఇక్కడుంది” అని ఫోన్ చూపించాను. ఆయనకు ఇంగ్లిష్ చదవడం రాదని తెలిసీ స్క్రీన్ ఆయన వైపు తిప్పాను. ఆ సంగతి రాయకుండా వదిలేద్దామనుకున్నాను కానీ, అది వదిలేస్తే ఇంక రాయడానికేం లేదు.

ఆయన స్క్రీన్ వైపు చూశాడు. చెయ్యి దించేశాడు.

“అట్నా తల్లీ. మీరు సదువుకున్నోళ్ళు. నాకేం తెలుసు.”

లేచి నడిచాడు. గుర్రం కథ అక్కడే ఆగిపోయింది. ఆ తర్వాత ఆయన నోటివెంట వచ్చినవి “ఇట్ల రండి”, “జాగర్త”, “ఆడ జారుతాది”, అంతే.

పైన గాలి బాగుంది. చుట్టూ పొలాలు, చెరువులు, అగ్గిపెట్టెల్లాంటి ఇళ్ళు. ఆయన దూరంగా ఒక రాయి మీద కూర్చుని బీడీ వెలిగించాడు. కుప్పం కెమెరా పట్టుకుని దగ్గరకు వెళ్ళాడు. “తాతా, ఆ మేకుల కథ ఇంకొక్కసారి చెప్పవా? రీల్ చేస్తా.”

“నాకు సరిగ్గా తెలీదు సామీ. ఆ పాపని అడగండి.”

కోపంగా అన్లేదు. నిజంగానే నా వైపు చూపించాడు. ఆ మాట, ఆ ముఖం నాకు బాగా తెలుసు. నేనింతకుముందు ఒకసారి చూశాను.

ఫస్టియర్ అడ్మిషన్ రోజు. నాన్న తెల్ల చొక్కా వేసుకొచ్చాడు. కౌంటర్ దగ్గర నిలబడి, “మా పాపకి స్కాలర్‌సిప్పు వస్తాదా సార్?” అని అడిగాడు. వెనకాల లైన్లో ఎవరో నవ్వారు. నవ్వింది నాన్నను చూశో కాదో కూడా నాకు తెలీదు. నేను మాత్రం గట్టిగా, అందరికీ వినబడేలా, “స్కాలర్‌షిప్ నాన్నా, సిప్పు కాదు” అన్నాను. నాన్న ఒక అడుగు వెనక్కి వేశాడు. “నువ్వే మాట్లాడమ్మా, నాకు సరిగ్గా రాదు” అన్నాడు. ఆ రోజు మిగిలిన కౌంటర్లన్నిట్లో నేనే మాట్లాడాను. అప్పుడు నాకది గర్వంగానే అనిపించింది.

మాది పుంగనూరు పక్క పల్లె. నాన్న టమోటా పెడతాడు. కోత ఉన్న రోజుల్లో తెల్లారేసరికి లోడుతో మదనపల్లె మార్కెట్‌కు వస్తాడు. అమ్మకం అయ్యాక అమ్మ పంపిన బాక్స్ ఇవ్వడానికి కాలేజీ దగ్గరకొస్తాడు. గేటు బయట నిలబడి ఫోన్ చేస్తాడు. నేను వెళ్ళి తెచ్చుకుంటాను. లోపలికి రాడు. నా ఫ్రెండ్స్ ఎవరైనా పక్కనుంటే తల ఊపుతాడు తప్ప మాట్లాడడు. మార్కెట్ రష్ కదా, టైం ఉండదేమో అనుకుంటూ వచ్చాను. ఏడాదిన్నరగా అదే అనుకుంటున్నాను.

దిగేటప్పుడు నేను ముందుకు వెళ్ళి ఆయన పక్కన నడిచాను. ఏం మాట్లాడాలో తెలీలేదు. కిందికొచ్చాక ఏదో ఒకటి అడగాలని అడిగాను. “తాతా, ఇక్కడ మక్బరా ఒకటి ఉందంట కదా, ఎవరిది?”

“మీర్ సాయిబుది.”

“ఎవరాయన?”

ఆయన నా చేతిలో ఫోన్ ఉందేమో చూసినట్టనిపించింది. అప్పటికే బ్యాగులో పెట్టేశాను.

“టిప్పు సుల్తానుకి మేనమామ” అన్నాడు. నాలుగడుగులు వేశాక మళ్ళీ తనే అందుకున్నాడు. “ఈ కోట ఆయన చేతిలో ఉండె. మేనమామ ఇల్లు మనది కాకుండా పోతాదా తల్లీ? అందుకే మా పెద్దోళ్ళు టిప్పు కోట, టిప్పు కోట అనేది. అదే నా నోటికొచ్చింది.”

నేను అక్కడే ఆగిపోయాను.

పొద్దున బస్సులో చదివిన పేజీలో ఆ మనిషి ఉన్నాడు. మీర్ రజా అలీ ఖాన్, హైదర్ అలీ ‘బ్రదర్ ఇన్ లా’ అని రాసుంది. చదివాను. ముందుకెళ్ళిపోయాను. ఇంగ్లిష్‌లో ఆ మాటకు బావా కావచ్చు, బావమరిదీ కావచ్చు, మరిదీ కావచ్చు. ఎవరైతే ఏంలే అన్నట్టుంటుంది. హైదర్ భార్య తమ్ముడో అన్నో అంటే టిప్పుకు అమ్మ తోబుట్టువు. మన ఇళ్ళల్లో అయితే చిన్నపిల్లలు కూడా చెప్పేస్తారు ఆయన ఏమవుతాడో. డేటా రెండు టేబుల్స్‌లోనూ ఉంది. నేనే జాయిన్ చెయ్యలేదు. ఇంగ్లిష్ ‘అంకుల్’లో మేనమామ ఉండడు, చిన్నాన్న ఉండడు, మేకలు కాసే పెద్దాయనా ఉండడు. అందర్నీ అదే మాటతో పిలిచేస్తాం. నేనూ పైన అలాగే పిలిచాను.

కోట టిప్పు కట్టించలేదు. ఆ మాట ఇప్పటికీ తప్పే. నేను చెప్పిన సంవత్సరమూ కరెక్టే. కానీ ఆ కరెక్ట్ చెప్పడం కోసం ఆయన తర్వాత ఏం చెప్పబోతున్నాడో వినకుండా ఆపేశాను. కొంచెం ఆగుంటే ఆయనకు తెలిసింది నాకొచ్చేది, నాకు తెలిసింది ఆయనకు చేరేది.

“తాతా, పైన నేనట్లా అనుండకూడదు” అన్నాను.

“ఏముండాదిలే పాపా. నువ్వు చెప్పింది నేనూ ఇనుకున్నా. ఈసారి వచ్చేవాళ్ళకి చెప్తాలే, టిప్పు పుట్టకముందే ఉండాదని.”

“గుర్రం ఏమైంది మరి?”

అప్పుడు నవ్వాడు. మిగతా కథ రోడ్డు దాకా నడుస్తూ చెప్పాడు. దొంగ గుర్రాన్ని దాటించాడట. తర్వాత వాడు దొరికిపోయాడు. దొరికి ఏం లాభం, గుర్రం కొండ దిగాక కోట బలం పోయింది. చెయ్యి మళ్ళీ గాల్లో మేకులు కొట్టింది. కుప్పం వెనకాల నుంచి అంతా వింటున్నాడు కానీ ఫోన్ తియ్యలేదు. బస్సెక్కే ముందు ఐదొందలకు బదులు ఎనిమిదొందలు ఆయన చేతిలో పెట్టాడు. లెక్క గురించి మేమెవరం మాట్లాడలేదు.

ఆ రాత్రి కూర్చుని సరిగ్గా చదివాను. మీర్ రజా అలీ ఖాన్ 1781లో పరంగిపేట యుద్ధంలో ఇంగ్లిష్ వాళ్ళతో పోరాడుతూ దెబ్బతిని చనిపోయాడు. మరుసటి ఏడాది డిసెంబరులో హైదర్ అలీ మన చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేట శిబిరంలోనే చనిపోయాడు. 1791లో నిజాం సైన్యం, ఇంగ్లిష్ ఫిరంగులు కలిసి గుర్రంకొండ మీదికొచ్చి కింది కోటను పట్టుకున్నాయి. పై కోట మాత్రం లొంగలేదు. 1799లో టిప్పు పోయాక ఇది నిజాం భాగంలోకి వెళ్ళింది, మీర్ కొడుకు కమరుద్దీన్ ఖాన్‌కు జాగీరిచ్చారు. ఆ మరుసటి ఏడాదే నిజాం ఈ సీమంతా కంపెనీకి రాసిచ్చాడు. ఫిరంగులకు లొంగని కొండ చివరికి కాగితాల మీద చేతులు మారింది. చదువుతుంటే పెద్దాయన కథే గుర్తొచ్చింది. గుర్రం పోయాక కొండ ఎంత నిటారుగా ఉంటే ఏం లాభం.

మంగళవారం పొద్దున నాన్న ఫోన్ చేశాడు. “బాక్స్ తెచ్చినా, గేటు కాడ ఉన్నా.”

వెళ్ళాను. బాక్స్ తీసుకుని తిరిగి రాకుండా, “క్యాంటీన్లో టీ తాగుదాం రా నాన్నా” అన్నాను. “వద్దులేమ్మా, చొక్కా మాసింది, టమోటా వాసన” అన్నాడు. బలవంతం చేస్తే గేటు దాకా వచ్చి, లోపలికి చూసి, మళ్ళీ ఆగిపోయాడు. ఏడాదిన్నర ఒక్కరోజులో పోదు కదా. సరే అని నేనే బయటికి వచ్చేశాను. రోడ్డు పక్క బండి దగ్గర టీ తాగాం. అంతలో మదనపల్లె, కుప్పం అటే వచ్చారు. నాన్న అలవాటు ప్రకారం తల ఊపి ఊరుకోబోయాడు.

“మార్కెట్ ఎట్లుంది నాన్నా ఈరోజు?” అని అడిగాను.

మొదట “ఏముందిలే” అన్నాడు. కుప్పం వాళ్ళ ఇంట్లోనూ టమోటానే. వాడేదో రేటు గురించి అడిగాడు. నాన్న చెప్పడం మొదలుపెట్టాడు. ఏ రకం కాయ ఎంత దూరం లారీలో తట్టుకుంటుంది, వానొచ్చిన మర్నాడు కోస్తే ఏమవుతుంది, వేలంలో వాళ్ళ వేళ్ళు చూసి రేటు ఎటు పోతుందో ఎలా పసిగట్టాలి. పదిహేను నిమిషాలు మాట్లాడాడు. మధ్యలో “కోల్డ్ స్టోరేజీ” అనబోయి ఇంకేదో అన్నాడు. నాకు వినబడింది. టీ తాగాను.

ఈ వ్యాసం తెలుగులో రాయడం నాకు ఇదే మొదటిసారి. మొదటి డ్రాఫ్ట్‌లో ఒత్తులన్నీ తప్పులే. మన మ్యాగజైన్ ఎడిటర్ అక్క చివరి దాకా చదివి, “మేనమామ దగ్గర బాగుంది” అని, ఆ తర్వాతే ఎర్ర పెన్ను తీసింది.