తెగిన మాట

ఇంటిలో నేదైన చెడిన యెడల తప్పు పరులదే యని తలంచుట మనకు వాడుక. ఇటీవల మా యింట జరిగిన యొక చిన్న సంగతి నా కీ వాడుకను మాన్పించినది.

మాది నిజామాబాదు జిల్లాలోని నందిపేట్. ఈ ప్రాంతపు పెక్కు కుటుంబములవలెనే మేమును ఇంటివారి నొకరిని గల్ఫు దేశమునకు పంపితిమి. నా భర్త సౌదీ అరేబియాలోని రియాదు నగరమున పని చేయుచున్నారు. అచ్చట శుక్రవారము సెలవు గనుక, ఆనాడు మే మందరమును ల్యాప్‌టాపు ముందు గూర్చుండి వారిని చూచుచు మాటలాడుదుము.

మొన్నటి చలికాలమున ఆ సంభాషణ మాటిమాటికి తెగిపోసాగెను. ఒకనాడు అత్తగారు "చెల్లె పెండ్లికొస్తవా బిడ్డా?" యని యడుగగా, వారు "వస్తనమ్మా, గాని..." యనుచుండగనే బొమ్మ నిలిచిపోయెను. మరల ఎంత ప్రయత్నించినను కలియలేదు. ఆ రాత్రి అత్తగారు భోజనము చేయలేదు. "నెట్టు ఖరాబు గాలేదు బిడ్డా, వాడే మాట తప్పించుకుంటున్నడు" అని కన్నీరు పెట్టుకొనిరి.

ఆ కన్నీరు చూచిన పిమ్మట నే నూరకుండలేకపోతిని. మరునాడు ఒక్కొక్కదానినే పరీక్షింప మొదలిడితిని. రౌటరు చెంత కూర్చుండి అరగంట సేపు ఫోనులో వీడియో నడపితిని, ఒక్కమారైనను తెగలేదు. కావున వీధినుండి వచ్చు తీగలో లోపము లేదు. ల్యాప్‌టాపు నచ్చటికే కొనిపోతిని. అదియు చక్కగా నడచెను. ఇక మిగిలినది నడిమి త్రోవ. చూతును గదా, దుమ్ము పడకూడదని రౌటరును ఇనుప బీరువా వెనుక దాచినది నేనే! లోహము రేడియో తరంగములను తిరుగగొట్టును. దానికి తోడు మా పాత యింటి మందపు గోడలు రెండు అడ్డము.

మా రౌటరు రెండు పేరులతో తరంగములను పంపును. 2.4 గిగాహెర్ట్జులది నిదానము, కాని గోడలు దాటి దూరము పోగలదు. 5 గిగాహెర్ట్జులది వేగము, కాని గోడ తగులగనే నీరసించును. మా ల్యాప్‌టాపు ఈ రెండవదానినే పట్టుకొని యుండెను. నేను రౌటరును తీసి నడవలోని యెత్తయిన గూటిలో నుంచి, ల్యాప్‌టాపులో మొదటి పేరు నెన్నుకొంటిని. కాసు ఖర్చు లేదు.

మరుసటి శుక్రవారము అత్తగారు అదే ప్రశ్న వేసిరి. "వస్తనమ్మా, గాని పెండ్లికి రెండు దినాల ముందుగాలనే సెలవు దొరుకుతది" అని జవాబు వచ్చెను. "గంతేనా కొడుకా!" యని అత్తగారు నవ్విరి. ఆ "గాని" తరువాతి మాట కొరకు ఆ తల్లి వారము దినములు నిద్ర లేకుండెను.

అమ్మలారా, ఇట్టి యిబ్బంది మీ యింట కలిగిన యెడల ఒక్కమారు ఒక్కదానినే మార్చి చూడుడు; అన్నియు నొకేసారి కదపిన దోష మెచ్చటిదో తెలియదు. దూరమున నున్నవారి మనస్సును శంకించుటకు ముందు మన బీరువా వెనుక నొక్కసారి చూచుట మేలు.