మూడు హెచ్చరికలు

మాది ధవళేశ్వరం. వరదొస్తే ఆనకట్ట దగ్గర 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. చెబితే జనం భయపడతారని ఎవరూ దాచరు. చెబితేనే కదా మూటాముల్లె సర్దుకునేది.

అమ్మకి గర్భసంచి తీసెయ్యాలన్నప్పుడు మాత్రం ఒక్క హెచ్చరికా లేదు.

పక్క మంచం మీదావిడ రిటైరైన టీచరు. ఇద్దరిదీ ఒకటే ఆపరేషను. డాక్టరు గారు ఆవిడకి చీటీ వెనకాల బొమ్మ గీసి, "మేడం, ఇక్కడ కోస్తాం, రేపటికల్లా నడిపిస్తాం" అని పావుగంట చెప్పారు. అమ్మ దగ్గరకొచ్చి "రాత్రి నుంచి ఏం తినకు" అన్నారు. "బాబూ, మత్తు దిగకపోతే?" అనడిగింది అమ్మ. "అవన్నీ నీకెందుకు, మేం చూసుకుంటాంగా."

ఇంగ్లీషు కాయితం నా చేతికిచ్చి సంతకం పెట్టమన్నారు. అమ్మ డ్వాక్రా పుస్తకంలో తన సంతకం తనే పెడుతుంది. ఒళ్ళు ఆవిడది, సంతకం నాది. మీటింగుల్లో హక్కుల గురించి మాట్లాడే నేను నోరెత్తకుండా పెట్టేశాను.

రాత్రి అమ్మ గాజులు తీసి నా చేతిలో పెట్టింది. "రేపు లేవకపోతే చెల్లికిచ్చెయ్‌రా."

నైట్‌డ్యూటీ నర్సమ్మాయి చూసి మంచం పక్కన కూర్చుంది. "పెద్దమ్మా, మెలకువొచ్చేసరికి గొంతు ఎండిపోయుంటాది. అడిగినా వెంటనే నీళ్ళివ్వం. ఉచ్చకి గొట్టం పెట్టుంటాది, కంగారుపడకు. దగ్గొస్తే పొట్టకి దిండు అదుముకుని దగ్గు." పది నిమిషాలు. ఆ తర్వాత అమ్మ నిద్రపోయింది.

ఇది జాలి కాదు, వైద్యం. 1964లో అమెరికాలో, బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్ డాక్టర్లు పొట్ట ఆపరేషన్లయిన 97 మందిని గమనించారు. నొప్పి ఎలా ఉంటుందో, ఊపిరి ఎలా తీసుకోవాలో, పక్కకి ఎలా తిరగాలో మత్తు డాక్టరు ముందే చెప్పినవాళ్ళకి నొప్పి మందు దాదాపు సగమే సరిపోయింది. మిగతావాళ్ళకంటే సగటున 2.7 రోజులు ముందే ఇంటికెళ్ళారు.

చట్టం కూడా ఉంది. 2008లో సమీరా కోహ్లీ కేసు. ఆవిడ మత్తులో ఉండగా తల్లి ఒప్పుకుందని గర్భసంచి తీసేశారు. అది చెల్లదని సుప్రీంకోర్టు చెప్పింది. ఏం చేస్తారో, వేరే దారుందో, ప్రమాదమేంటో రోగికే చెప్పి, రోగి ఒప్పుకోలే తీసుకోవాలి.

వార్డులో మా కులం ఎవరూ అడగలేదు. ఫైల్లో మా పేట పేరుంది, అమ్మ ఒంటి మీద నేతచీర ఉంది. చాలు. మా కడుపు కొయ్యడానికి అభ్యంతరం లేదు, మాకు విషయం చెప్పడానికే మనసొప్పదు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మనవాళ్ళని ఆస్పత్రికి తీసుకెళ్తే నాలుగు ప్రశ్నలు అడగండి. ఏం చేస్తారు? ఎందుకు? చెయ్యకపోతే ఏమవుతుంది? మెలకువొచ్చాక ఎలా ఉంటుంది? జవాబు మీకు కాదు, మంచం మీదున్న మనిషికి చెప్పమనండి. సంతకం ఆ మనిషినే పెట్టనివ్వండి. మెడిసిన్, నర్సింగ్ చదివే పిల్లలూ, ఆ పది నిమిషాలు మీ చేతిలోనే ఉన్నాయి.

మూడో రోజు అమ్మ గాజులడిగి వేసుకుంది. "గొట్టం ఉంటాదని ఆ పిల్ల ముందే చెప్పిందిరా, లేపోతే చచ్చిపోయాననుకుందును" అంది.

జై భీమ్.