చేసినదియు వ్రాసినదియు

తాను చేసిన పనిని చేసినట్లు వ్రాయుట మిక్కిలి సులభమని లోకులు తలంతురు. కథ వ్రాయువానికి కల్పన కావలెను. పద్యము వ్రాయువానికి ఛందస్సు కావలెను. జరిగినదానిని జరిగినట్లు వ్రాయుటకు అక్షరజ్ఞానము చాలదా యని యడుగుదురు. చాలదని మేము చెప్పుచున్నాము. అన్ని రచనలకంటెను అదియే కష్టమైన రచన. దానిని మన బాలురకు నేర్పకపోవుట యటుండ, దానికి విరుద్ధమైన విద్యను మనము శ్రద్ధతో నేర్పుచున్నామని యీ వ్యాసమున నిరూపింప నెంచినాము. ఇందులకు రసాయన పత్రికలకు పంపబడు పరిశోధన వ్యాసమును ఉదాహరణముగా గైకొందుము.

భాషోపాధ్యాయునికి రసాయనశాస్త్రముతో నేమి పని యని చదువరులు శంకింపవచ్చును. మేము సంస్కృతాంగ్లములు చదివి, ఒక యున్నత పాఠశాలలో బోధించుచు, నలువదియైదవ యేట నున్నవారము. మాయొద్ద చదివినవారిలో కొందఱు విశ్వవిద్యాలయముల ప్రయోగశాలలకు చేరిరి. వారు తమ వ్యాసములను విదేశ పత్రికలకు పంపుటకు ముందు "మాస్టారూ, ఇంగ్లీషు ఒక్కసారి చూచిపెట్టండి" అని మాకు పంపుచుందురు. నేడు ఇంగ్లీషును దిద్దు యంత్రములును వచ్చినవి. వాని సాయము పొందినయెడల నా సంగతి చెప్పవలెనని పెక్కు పత్రికలు నియమము చేసినవి. యంత్రము వాక్యమును దిద్దును గాని "నాయనా, ఇది నిజముగా నిట్లే జరిగినదా?" యని యడుగదు. అడుగువాడొకడు కావలెనని కాబోలు, వారు మమ్ము విడిచిపెట్టలేదు.

ఆ వ్యాసముల కట్టుబాటు మాకు క్రొత్తగా తోచలేదు. మొదట శీర్షిక, పిదప కొలది వాక్యముల సంగ్రహము, పూర్వులు చేసినదేమి, మిగిలియున్నదేమి యని తెలుపు పీఠిక, ఫలితములు, వానిపై చర్చ, ఉపసంహారము, ప్రయోగభాగము, పూర్వ గ్రంథముల పట్టిక. న్యాయశాస్త్రమున ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణము, ఉపనయము, నిగమనము అని యైదవయవములు గల వాక్యమును చదివినవారు ఈ కట్టుబాటునకు వెఱవ నక్కఱలేదు. వ్యాసముతో సంపాదకునికి ఒక లేఖయు, కర్తలలో నెవరే పని చేసిరో తెలుపు వివరమును జతపఱుపవలెను. పని చేయని పెద్దల పేర్లను గౌరవార్థము చేర్చు దురాచారమునకు ఈ వివరము కొంత యడ్డుకట్ట. ఇదంతయు నిప్పుడు ఇంటర్నెట్టు ద్వారా క్షణములో చేరును. సంపాదకునికి తగినదని తోచినయెడల ఇద్దఱు ముగ్గురు నిపుణులకు పరిశీలనార్థము పంపును. ఆ పరిశీలకులెవ్వరో రచయితకు సాధారణముగా తెలియదు.

మేము మొట్టమొదట కొట్టివేయునవి విశేషణములు. "అపూర్వమైన పద్ధతి", "అత్యంత సమర్థమైన ఉత్ప్రేరకము", "మొట్టమొదటిసారిగా" — పిల్లలు వీనిని ధారాళముగా వ్రాయుదురు. నూతనము, ప్రథమము వంటి మాటలను శీర్షికలో వాడరాదని కొన్ని పత్రికలు నియమముగానే పెట్టినవి. అతిశయోక్తి మన కావ్యములకు అలంకారము. ఇచ్చట నది యపరాధము. "చక్కని దిగుబడి" యని వ్రాసిన చోట "నూటికి ఇన్ని పాళ్లు" అని వ్రాయుమందుము. అంకె వచ్చినచో విశేషణము తనంతట తానే జాఱిపోవును.

వ్యాసమునకు ప్రాణము ప్రయోగభాగమునందున్నది. తక్కిన భాగములు పండితులను ఒప్పించుటకు వ్రాయబడును. ఈ భాగము మాత్రము ఎన్నడును మన మెఱుగని యొక యపరిచితుడు, ఎచ్చటనో యొక ప్రయోగశాలలో, ఈ పుటను ముందిడుకొని అదే పనిని చేయుటకై వ్రాయబడును. ఎన్ని గ్రాములు తూచిరి? ఏ ద్రావణి, ఎన్ని మిల్లీలీటర్లు? ఎంత వేడిమిలో, ఎన్ని గంటలు కలియబెట్టిరి? గాలి తగులనిచ్చిరా, నత్రజనిలో నుంచిరా? తుదకు చేతికి వచ్చిన దెంత, దాని ద్రవీభవన స్థానమెంత? మన వంట పుస్తకములందలి "ఉప్పు తగినంత" అను మాట ఇచ్చట చెల్లదు. వచ్చిన పదార్థము శుద్ధమైనదని చూపుటకు, అందలి కర్బన, ఉదజని, నత్రజనుల శాతములు లెక్కకు వచ్చినదానితో 0.4 కంటె నెక్కువ తేడా లేకుండ నుండవలెనని పెక్కు పత్రికలు చిరకాలముగా నియమించినవి. అమెరికాలో 1921లో నారంభమైన "ఆర్గానిక్ సింథసీస్" అను ప్రచురణవారు మఱియొక మెట్టు పైకి పోయిరి. పంపబడిన ప్రతి విధానమును సంపాదకవర్గములోని యొకరి ప్రయోగశాలలో మరల చేయించి, ఫలితము సరిపడిన పిమ్మటనే యచ్చువేయుదురు.

ఇట్టి బహిరంగత మన ప్రాచీనులకు బొత్తిగా లేదనరాదు, సంపూర్ణముగా నుండెననియు ననరాదు. రసవిద్యను గోప్యముగా రక్షింపవలెనని రసరత్నసముచ్చయము శాసించుచున్నది. రహస్యము గురువునుండి యేకశిష్యునికి చేరి, ఆ శిష్యునితో బూడిదయైన సందర్భములెన్నో యుండును. కాని రసేంద్రచింతామణి కర్త, పండితుల నోట విన్నదైనను, శాస్త్రములందు చదివినదైనను, తాను చేసి చూడనిదానిని వ్రాయనని ప్రతిజ్ఞ చేసెను. ఇట్టి గ్రంథములను ఆచార్య ప్రఫుల్లచంద్ర రే తమ హిందూ రసాయనశాస్త్ర చరిత్ర రెండు సంపుటములలో, 1902లోను 1909లోను, లోకమునకు తెలిపిరి. 1924లో స్థాపితమైన భారత రసాయన సంఘమునకు మొదటి అధ్యక్షులును వారే. ఆ సంఘము తన పత్రికను ఆ యేటనే ప్రారంభించెను. దాచుమన్న మాటయు, చేయనిది వ్రాయనన్న మాటయు రెండును మన సొత్తే. రెండవదానిని మనము తక్కువగా వాడుకొంటిమి.

వాడుకొన్నవారు లేకపోలేదు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు, ఫిస్కె పండితునితో కలసి 1925లో జీవరసాయన పత్రికయందు ఒక వ్యాసము ప్రకటించిరి. రక్తమూత్రాదులలో భాస్వరమెంత యున్నదో నీలివర్ణపు గాఢతనుబట్టి కొలుచు విధానము అందు చెప్పబడినది. దానియందు కవిత్వము లేదు, ఆత్మస్తుతి లేదు. దానిని చదివినవాడు ఆ పనిని చేయగలడు. కనుకనే ఆ పద్ధతిని నేటికిని ప్రయోగశాలలలో వారిర్వురి పేరుతో వాడుచున్నారు.

ఇక పరిశీలకుల మాట. వారి యాక్షేపణలు చేరిన దినమున మా శిష్యుల ముఖములు చూడదగియుండవు. "మాస్టారూ, అసూయచేత వ్రాసినాడు" అని యొకడు, "చదువకుండ వ్రాసినాడు" అని యొకడు వాపోవుదురు. మేము వారికి భాష్యముల సంగతి చెప్పుదుము. మన భాష్యకారులు సిద్ధాంతము చెప్పుటకు ముందు పూర్వపక్షమును ప్రతివాదియే మెచ్చునంత బలముగా ప్రతిపాదింతురు. ప్రతివాది దొరకనిచో తామే కల్పించుకొందురు. ఈ పత్రికలు నీకు ప్రతివాదిని ఊరకయే యిచ్చుచున్నవి. ఒక్కొక్క యాక్షేపణకు ఒక్కొక్క సమాధానము, కోపము లేకుండ, సంఖ్య వేసి వ్రాయుమని చెప్పుదుము.

పరిశీలకులు పొరపడరని మా భావము గాదు. సోవియట్ దేశమున బోరిస్ బెలొసోవ్ అను రసాయనవేత్త 1951 ప్రాంతమున సిట్రికామ్లము, పొటాసియం బ్రోమేటు, సీరియం లవణము గంధకికామ్లములో కలిపి చూచెను. ఆ ద్రావణము పసుపు రంగు పొంది, రంగు కోలుపోయి, మరల పసుపై, గడియారపు లోలకమువలె ఊగులాడెను. అట్లు జరుగుట యసంభవమని సంపాదకుడు వ్యాసమును త్రిప్పి పంపెను. కొన్ని యేండ్లు శ్రమించి మరల పంపగా కుదించి చిన్న లేఖ చేయుమనిరి. అతడు విసిగి, 1959లో వికిరణ వైద్యమునకు సంబంధించిన యొక చిన్న సంపుటిలో ఆ సంగతి ప్రకటించి యూరకుండెను. అయినను ఆ పదార్థముల పాళ్లు మాస్కో ప్రయోగశాలలలో చేతినుండి చేతికి ప్రాకినవి. 1961లో జబోతిన్‌స్కీ అను యువకుడు దానిని చేపట్టి, శోధించి, లోకమునకు తెలియజేసెను. నేడా చర్య వారిర్వురి పేరుతో ప్రసిద్ధము. 1980లో లెనిన్ బహుమానము వచ్చునప్పటికి బెలొసోవ్ గతించి పదియేండ్లయ్యెను. సంపాదకుడు తలుపు మూసినను ఆ వ్యాసము చావకపోవుటకు కారణమేమి? కలిపిన ప్రతివాని పాత్రలోను ద్రావణము రంగు మార్చినది. ఆ పాళ్లు నిజమైనవి.

సత్యమునకు తలుపు మూయబడినట్లే యసత్యమునకు తెఱవబడుటయు గలదు. మా శిష్యుడొకడు రాగి లవణమును ఉత్ప్రేరకముగా వాడి రెండు పదార్థములను కలుపు పద్ధతినిగూర్చి వ్యాసము వ్రాసెను. మొదటిసారి నూటికి 91 పాళ్లు వచ్చినది. పిదప మూడు పర్యాయములు చేయగా 72, 74, 73 మాత్రమే వచ్చినవి. వెదకగా కారణము దొరకినది. మొదటిసారి తూచిన పదార్థము పూర్తిగా నాఱలేదు. ఈథైల్ ఎసిటేటు అను ద్రావణి దానిలో మిగిలి బరువు పెంచినది. ఎన్.ఎం.ఆర్. పటములో ఆ ద్రావణి గీతలు స్పష్టముగా నున్నవి. కాని పైవారిలో నొకరు "91 ఉంచుము. తొంబది దాటనిదే పెద్ద పత్రికలో పడదు. మరల చేసి చూచువాడెవడు?" అనిరట.

పిల్లవాడు మమ్ము టెలిఫోనులో నడిగినది భాషా సందేహమే. "మాస్టారూ, ‘91 వఱకు’ అని వ్రాయవచ్చునా? అబద్ధము కాదు గదా!" ఆ ఇంగ్లీషు వాక్యమున వ్యాకరణ దోషమేమియు లేదు, దోషమంతయు వ్యాకరణమునకు వెలుపల నున్నది. "ఒరే నాయనా, తడిగుడ్డను తూచి నూలు బరువు చెప్పుదువా?" అని యడిగితిమి. అవతల కొంతసేపు మాట వినబడలేదు. ఆ రాత్రి వ్రాతప్రతి మరల వచ్చినది. అందు 73 అని యున్నది.

దీనికి వెంటనే ఫలము కలిగెనని చదువరులు తలంపవలదు. మొదటి పత్రిక పరిశీలకులకు చూపకయే తొమ్మిది దినములలో త్రిప్పి పంపినది. రెండవ పత్రికలో నొక పరిశీలకుడు మరి రెండు ప్రయోగములు చేయుమనెను. అంతయు ముగియుటకు ఏడు మాసములు పట్టినది. ఈ నడుమ వాని పరిశోధన వేతనము గడువు తీఱినది. నాలుగు మాసములు ట్యూషనులు చెప్పి గది యద్దె కట్టుకొనెను. "ఆ కాగితమేదో ఇంకను రాలేదా నాయనా?" అని తల్లి యడుగుచుండెడిది. తుదకు వ్యాసము వెలువడినది, చిన్న పత్రికలోనే. ఎచ్చటివాడైనను ఆ పుటను చూచి అట్లే చేసినచో 73కు అటునిటుగా వచ్చును. ఆ పిల్లవాడు సంపాదించినది ఇంతమాత్రమే. అది స్వల్పమని మేమనుకొనుట లేదు.

వానికి ఆ శోధన ఇరువదియేడవ యేట మొదటిసారి వచ్చినదనుకొనుట పొరపాటు. అది పదియాఱవ యేటనే వచ్చినది. జూనియరు కళాశాలలో రసాయన ప్రయోగములు జరుగు తీరు తల్లిదండ్రులు చూడవలెను. బాలుడు బ్యూరెట్టులో పొటాసియం పర్మాంగనేటు పోసి, క్రింద మోర్ లవణపు ద్రావణమునకు చుక్క చుక్కగా చేర్చును. లేత గులాబి రంగు నిలిచిన చోట నాపి, అంకె చూచును. చూచినది 19.6. పై తరగతివాని రికార్డులో 20.0 అని యున్నది. వీడును 20.0 అని వ్రాయును. చూచిన యంకె వ్రాసినవానికి మార్కులు తగ్గును. చూడని యంకె వ్రాసినవానికి నిండుగా వచ్చును. కొన్ని తావుల ప్రయోగశాల తలుపు తీయకుండగనే రికార్డు పూర్తియై, బొమ్మలతో, ఎఱ్ఱసిరా గీతలతో, అట్టతో శోభిల్లును. పదియాఱేండ్లవానికి 0.4 మిల్లీలీటరు దాచుట నేర్పి, ఇరువదియేడేండ్లవాడు నూటికి 18 పాళ్లు దాచరాదని మనము కోరుచున్నాము.

దీనికి కావలసిన సంస్కరణము ధనముతో కూడినది కాదు. రికార్డులో మొదట వ్రాసిన యంకెను చెఱపనీయక, తప్పినచో దానిపై నొక్క గీత గీయించి ప్రక్కన సరియైనది వ్రాయించవలెను. సరియైన విలువకు తేడా వచ్చినవాడు ఆ తేడాకు తగిన కారణము చెప్పినచో నిండు మార్కులు వేయవలెను. పై తరగతివారి రికార్డులు చేతులు మాఱకుండ, యేటేట ద్రావణముల గాఢతను మార్చవలెను.

ఈ పాపము రసాయనశాస్త్రోపాధ్యాయులదే యని మేము తప్పించుకొనరాదు. "నేను చూచిన తిరునాళ్ల" అను వ్యాసమును గైడు పుస్తకమునుండి కంఠపాఠము చేయించునది భాషా తరగతియే. కావున మా తరగతిలో నొక చిన్న పద్ధతి పెట్టినాము. కాగితపు పడవ చేయు విధమును ఒక బాలుడు వ్రాయవలెను. పడవ చేయుట యెఱుగని మఱియొకడు ఆ వ్రాతను మాత్రము చదివి, వ్రాసినవానిని నోరు మెదపనీయక, కాగితము మడువవలెను. పడవ రాకున్నచో మార్కులు పోవునది వ్రాసినవానికే. మొదటి వారము నలువదిమందిలో ముగ్గురి పడవలు మాత్రమే తేలినవి. "అడ్డముగా మడువుము" అని వ్రాసినవానిని, "ఏది యడ్డము, ఏది నిలువు?" అని మడుచువాడు కన్నులతోనే నిలదీసెను. నెల తిరుగునప్పటికి పిల్లలు "పొడుగు అంచు నీవైపు ఉంచి" అని వ్రాయ నేర్చిరి. అది మేము చెప్పిన మాట కాదు. తేలని పడవలు వారికి నేర్పినవి.