చింతపండుతో తోమిన చాకు

2019 వేసవిలో పిట్స్‌బర్గ్‌లో మా చెల్లెలి ఇంటికి వెళ్ళాను. వెంకటేశ్వరస్వామి గుడి చూడటం అయిపోయాక ఊరికే కూర్చోలేక ఇల్లు సర్దడం మొదలుపెట్టాను. మరిది బల్ల సొరుగులో ఆరేడు మడతచాకులు కనిపించాయి. పసుపురంగు పిడి ఉన్నదాని బ్లేడులు బొత్తిగా నల్లబడిపోయి ఉన్నాయి. అయ్యో, తోమే దిక్కు లేదు కాబోలనుకుని చింతపండూ ఉప్పూ వేసి, స్టీలు పీచుతో తళతళలాడేలా తోమాను.

సాయంత్రం మరిది చూసి కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఫరవాలేదు వదినగారూ" అన్నాడు. అవి అతను పాతసామాన్ల దుకాణాలు తిరిగి ఏరుకొచ్చినవని చెల్లెలు వంటింట్లోకి పిలిచి చెప్పింది. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆ శనివారం అతనే మమ్మల్ని బ్రాడ్‌ఫర్డ్ తీసుకెళ్ళాడు. కారులో మూడు గంటలు. కొండల మధ్య చిన్న ఊరు, ఒకప్పుడు నూనె బావులతో బతికిందట. జిప్పో లైటర్ల కంపెనీ ఇక్కడే. మ్యూజియం ముందు వీధి దీపాలు కూడా లైటర్ల ఆకారంలోనే ఉన్నాయండీ! కేస్ చాకుల కంపెనీదీ ఈ ఊరే. 1993లో దాన్ని జిప్పో వాళ్ళు కొన్నారు.

అక్కడ అద్దాల వెనక చాకులు చూపిస్తూ మరిది గుర్తులు చెప్పాడు. బ్లేడు పిడిలోకి దిగేచోట కంపెనీ పేరు కొట్టి ఉంటుంది. 1970లో దాని కింద పది చుక్కలు పెట్టి, ఏడాదికొకటి చొప్పున తగ్గించుకుంటూ వచ్చారు. 1980లో మళ్ళీ పది చుక్కలే, కాకపోతే పేరులోని 'ఎస్' అక్షరం మెరుపులా వంకరగా మారింది. అంకెలకీ అర్థముంది. 3254 అంటే 3 పసుపు పిడి, 2 బ్లేడులు రెండు, 54 చాకు నమూనా. సానపట్టి సానపట్టి బ్లేడు సన్నబడిందా, పిడి మార్చారా, మూస్తే టక్కుమంటుందా అని చూడాలి. అన్నిటికంటే ముఖ్యం, మెరుగు పెట్టకూడదు. పాత ఉక్కుకి ఏళ్ళమీద పట్టిన నలుపే దాని వయసట. మనం ఇత్తడి బిందె మీద చూస్తే ఊరుకోనిది అదేగా!

ఇంటికొచ్చి భూతద్దం పెట్టి చూశాను. ఏడు చుక్కలు. 1973 నాటిది.

తిరిగొచ్చేటప్పుడు "ఇది మీదే వదినగారూ" అని పెద్ద పెట్టెలో పెట్టించాడు. దాంతోనే పచ్చిమామిడికాయలు తరుగుతున్నాను. పొడిగుడ్డతో తుడిచి కాస్త నూనె రాస్తాను, అంతే. బ్లేడు మళ్ళీ నల్లబడుతోంది. మా పనమ్మాయికి మాత్రం అందకుండా పై అరలో పెట్టాను.