గట్టు దాటిన బిడ్డ

మన పల్లెల్లో వంశవృక్షం రాసి దాచుకున్న ఇళ్లు అరుదు. భూమి ఉన్నవాళ్లకు దస్తావేజులు ఉండేవి, ముత్తాతల పేర్లు వాటిలో నిలిచాయి. మనకు మిగిలినవి పెద్దవాళ్ల నోటి మాటలు, ఎక్కడో ఒక బడి రిజిస్టరు. మా నాయనమ్మ చిన్నతనం ఈ రెండింటి నుంచే నాకు దొరికింది.

ఆమెను ఎవరో పెంచుకున్నారని ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరి బిడ్డో మాత్రం చెప్పేవారు కాదు. తొంభై దాటిన మేనత్తను అడిగితే, “ఇప్పుడెందుకే తల్లీ అవన్నీ?” అంది. మూడోసారి వెళ్లినప్పుడు తనే మొదలుపెట్టింది. గుంటూరు జిల్లాలోని మా ఊళ్లో జ్వరాలు వచ్చిన ఏడు, వారం తిరక్కుండా నాయనమ్మ తల్లీ తండ్రీ పోయారట. అది 1918, ఇన్‌ఫ్లుయెంజా దేశంలో కోటికి పైగా ప్రాణాలు తీసిన కాలం. ఐదేళ్ల పిల్ల ఒంటరిగా గుమ్మంలో కూర్చుని ఉంటే, చెరువుగట్టు అవతలి నుంచి వచ్చిన ఒక పిల్లల్లేని వితంతువు చంకనేసుకుని పోయింది.

గట్టుకు ఇవతల మాదిగపల్లె, అవతల మాలపల్లె. నూరేళ్లుగా మా ఇంట్లో ఎవరూ నోరు విప్పనిది అందుకే.

మిషన్ బడి పాత ప్రవేశ రిజిస్టరులో రుజువు దొరికింది. తండ్రి పేరు రాయాల్సిన చోట పెంచినామె పేరు, పక్కన ‘సంరక్షకురాలు’ అని ఉంది. కులం గడిలో ఒకటి రాసి, కొట్టేసి, మరొకటి రాశారు.

లా చదివినదాన్ని కనుక ‘సంరక్షకురాలు’ అన్న మాట దగ్గరే ఆగిపోయాను. నాటి హిందూ న్యాయం ప్రకారం, కొన్ని ఆచారపు మినహాయింపులు తప్ప, దత్తత కొడుకు కోసమే. ఇచ్చే తల్లిదండ్రులు లేని అనాథ దత్తత చెల్లదు. వితంతువు తన కోసం దత్తత తీసుకోలేదు. ఇలా ఏ దారీ లేని చోట ఆ తల్లి బిడ్డను పెంచింది.

బాబాసాహెబ్ హిందూ కోడ్ బిల్లులో దత్తత కూడా ఉంది. ఆ బిల్లు సాగకపోవడం 1951లో ఆయన మంత్రి పదవి వదులుకోవడానికి ఒక ముఖ్య కారణం. ఆడపిల్లను దత్తత తీసుకోవచ్చని, ఒంటరి స్త్రీ కూడా తీసుకోవచ్చని చెప్పిన చట్టం 1956 డిసెంబర్ 21న వచ్చింది. అప్పటికి ఆయన పరినిర్వాణం చెంది పదిహేను రోజులు. ఆ చట్టం బౌద్ధులకూ వర్తిస్తుంది. తల్లిదండ్రులిద్దరూ పోయిన బిడ్డను కోర్టు అనుమతితో సంరక్షకులు దత్తత ఇవ్వవచ్చని కూడా ఆ చట్టం చెబుతుంది.

కోవిడ్ తర్వాత అమ్మమ్మల దగ్గర, పిన్నమ్మల దగ్గర పెరుగుతున్న పిల్లలను నా పనిలో చూస్తున్నాను. ప్రేమకు లోటు లేదు, చేతిలో కాగితం లేదు. రేపు ఇంటి వాటా దగ్గరో సర్టిఫికెట్ దగ్గరో “నువ్వెవరు?” అని అడుగుతారు. దత్తత అయినా సంరక్షణ అయినా ఇప్పుడే చట్టప్రకారం రాయించండి.

“ఈ వర్గీకరణ గొడవల్లో ఇది బయటపెట్టడం అవసరమా అక్కా?” అన్నాడు పిన్ని కొడుకు. అవసరమేనన్నాను. రెండు పల్లెల వాళ్లూ ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకుంటున్న రోజులివి. మా నాయనమ్మ ఎవరిదో వాళ్లు ఎలా తేలుస్తారు? తల్లి పోయిన సిద్ధార్థుణ్ణి పెంచింది పినతల్లి మహాప్రజాపతి గౌతమి అని మనం పిల్లలకు చెబుతాం. మన ఇంటి గౌతమి పేరు కూడా చెప్పాలి కదా.

మా పిల్లల కోసం రాసిన వంశవృక్షంలో నాయనమ్మకు ఇద్దరు తల్లుల పేర్లు, రెండు పల్లెల పేర్లు రాశాను. ఏదీ కొట్టేయలేదు.