ఎన్ని మార్కులొచ్చాయి?

జూన్ 3, సోమవారం

లెక్కల మాస్టారికి పక్షవాతం వచ్చి పది రోజులైంది. మెదడులో కుడివైపు దెబ్బ, ఎడమ చెయ్యి లేవదు. మాట మాత్రం గడగడా వస్తోంది. తారీఖు, వారం, ఊరు తడుముకోకుండా చెప్పారు. వందలోంచి ఏడేడు తీసేస్తూ రమ్మంటే నేను రాసుకునేలోపే దిగిపోయారు. "బుర్రకేం కాలేదమ్మా, చూడు" అన్నారు వాళ్లావిడ.

గడియారం వెయ్యమన్నాను, పదకొండూ పది చూపించేలా. గుండ్రం చక్కగా గీశారు. పన్నెండు అంకెలూ కుడి సగంలోనే ఇరికించేశారు. ఎడమ సగం ఖాళీ. "సరిపోయిందా మాస్టారూ?" అంటే, "ఎందుకు సరిపోదు?" అని నన్నే అడిగారు. కళ్లు బాగానే ఉన్నాయి, ధ్యాసే అటు పోవడం లేదు. పొద్దున పళ్లెంలో ఎడమవైపు ఇడ్లీలు ముట్టుకోకుండా, ఇంకా పెట్టవేమని ఆవిడ మీద విసుక్కున్నారట.

జూన్ 6

రైతు బజారులో కూరగాయలమ్మే ఆవిడ. బడి మొహం చూడలేదు, పెన్సిలు పట్టడమే తెలీదు. జ్ఞాపకం, ధ్యాస లాంటివి చూసే మోకా పరీక్షలో ఖడ్గమృగం బొమ్మ చూపిస్తే "పందేగా, కొమ్మెందుకూ?" అంది. వందలోంచి ఏడు అంటే మాట్లాడలేదు. కిలో నలభై బెండకాయలు ముప్పావు కిలో తూచి, వంద నోటిస్తే చిల్లరెంతిస్తావంటే, "డెబ్బై" అని ఠక్కున చెప్పింది.

ఈ పరీక్షను నస్రెద్దీన్ బృందం 2005లో కెనడా నుంచి ప్రకటించింది. ముప్పై మార్కులు. పన్నెండేళ్లు గానీ అంతకు తక్కువ గానీ చదివినవాళ్లకు ఒకటి కలుపుతారు. ఇంటర్ చదివినవాడికీ అదే ఒకటి, ఈవిడకీ అదే ఒకటి! హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెల్లో చదువురానివాళ్ల కోసం ఇలాంటి పరీక్షను మార్చి రాసుకున్నారు, 1995లోనే.

అలాగని ఈవిడకేమీ లేదని చెప్పలేను. ఐదు మాటలు చెప్పి, ఐదు నిమిషాలాగి అడిగితే "ఏం మాటలమ్మా?" అంది. చెప్పిన సంగతే గుర్తులేదు. దానికీ చదువుకీ సంబంధం లేదు.

జూన్ 11

ఎడమ మెదడు దెబ్బతిని మాట పడిపోయిన కుర్రాడు. కేస్ షీటులో ఎవరో "మోకా 4" అని రాసి పెట్టారు. నోరు పెగలనివాణ్ని పేర్లు చెప్పమంటే ఏం తెలుస్తుంది? ఇలాంటివాళ్లను దృష్టిలో పెట్టుకునే ఆక్స్‌ఫర్డ్ స్క్రీన్ తయారుచేశారు, జవాబు వేలితో చూపించినా చాలు. బొమ్మల్లోంచి ఏరమంటే ఏరాడు, కళ్లలో నీళ్లు తిరుగుతుండగా.

జూన్ 19

మిలాన్‌లో బిసియాక్, లుజ్జాత్తి అనే పరిశోధకులు 1978లో రాసింది మాస్టారితో చేసి చూశాను. వాళ్లు ఇలాంటి రోగులను అక్కడి చర్చి ముందున్న చౌకును మనసులోనే చూస్తూ వర్ణించమన్నారు, ఒకసారి ఇటునుంచి, ఒకసారి అటునుంచి. నేను మాస్టారి వీధి అడిగాను. రామాలయం మెట్ల మీద నిలబడి చెరువు వైపు చూస్తున్నారనుకోమంటే కిరాణా కొట్టు, పోస్టాఫీసు, పిండిమర చెప్పారు. చెరువుగట్టు మీంచి గుడివైపు చూడమన్నాను. ఈసారి బడి, వడ్రంగి కొట్టం, వాటి పక్కన వాళ్ల సొంతిల్లు వచ్చాయి. మొదటిసారి, అది ఎడమవైపున్నప్పుడు, ఆ ఇల్లే లేదు!

వాళ్లబ్బాయి సాయంత్రం వచ్చి "ఎన్ని మార్కులొచ్చాయండీ?" అన్నాడు. మోకాలో ఇరవై ఐదు. ఇరవై ఆరుంటే మామూలే అంటారని ఫోన్‌లో చూసొచ్చాడు. "ఒక్కటే కదండీ తక్కువ! చెయ్యి కాస్త కుదురుకుంటే నాన్నగారు స్కూటర్ తీయొచ్చా?"

వద్దన్నాను. గడియారం కాగితం ముందు పెట్టి, ఎడమవైపునుంచి లారీ వస్తే ఏమవుతుందో చెప్పాను. తాళాలు కోడలి దగ్గర ఉంచమన్నాను. మంచం గోడవైపు నుంచి జరిపి, మనుషులు ఎడమ పక్కనుంచి పలకరించేలా వేయమన్నాను. మళ్లీ సెప్టెంబర్లో చూడాలి.